అబ్వేలా ఉంటేనే ఉద్యోగం

(మహాసభల మహిళా వేదికలో చేసిన ప్రసంగ పాఠం)

పొద్దున్నే ఇడ్లీ లైను వదులుకుని ఈ హాలు దాకా వచ్చిన సోదరీమణులకు, వెనక తలుపు దగ్గర నిలబడ్డ నలుగురైదుగురు సోదరులకు కూడా ముందుగా నా కృతజ్ఞతలు. అన్నయ్యలూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, కూర్చోండి.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం "ఉద్యోగం, సంసారం, వృద్ధుల సంరక్షణ – స్త్రీలు". మన తెలుగువాళ్ళ సంగతి చెప్పడానికి నాకంటే అనుభవజ్ఞులు ఈ హాల్లోనే ఉన్నారు. అందుకని నేను కొంచెం పక్కకి, అంటే దక్షిణానికి జరిగి, మెక్సికో ఆడవాళ్ళ గురించి మాట్లాడతాను. మన దేశపు సాఫ్ట్‌వేర్ కంపెనీలు గ్వాదలహారాలోను, మాంటెర్రేలోను ఆఫీసులు తెరిచాక మనవాళ్ళు కొందరు అటు వెళ్ళారు. అలా వెళ్ళినవాళ్ళలో మేమూ ఉన్నాం. 2014 నుంచి 2020 దాకా ఆరేళ్ళు గ్వాదలహారాలో ఉన్నాం. నేనూ అక్కడే ఉద్యోగం చేశాను. చింతపండు షర్బత్తు, పచ్చిమిరపకాయ, నిమ్మకాయ, వారానికోసారి వీధిలో సంత. వీళ్ళు మనకి దగ్గర చుట్టాలే అనిపించడానికి నాకు నెల కూడా పట్టలేదు.

అమెరికాలో ఉన్న మనకి మెక్సికో స్త్రీ ఎక్కడ కనిపిస్తుంది? హోటల్లో దుప్పటి మార్చేటప్పుడు, ఆఫీసులో రాత్రి చెత్తబుట్ట తీసేటప్పుడు, కొంతమంది ఇళ్ళలో పసిపిల్లని ఎత్తుకున్నప్పుడు, వృద్ధాశ్రమంలో ముసలాయన్ని చక్రాల కుర్చీలో తోసేటప్పుడు. ఆవిడ సొంత పిల్లలు, సొంత తల్లి ఎవరి చేతుల్లో ఉన్నారన్న ప్రశ్న మనకి రాదు. అక్కడికి వెళ్ళి ఉంటే తప్ప నాకూ వచ్చేది కాదేమో.

బడి గంటతో మొదలుపెడతాను. మెక్సికోలో మామూలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల పొద్దున్న ఎనిమిదికి మొదలై పన్నెండున్నరకి వదిలేస్తుంది. పసిపిల్లల బడి అయితే ఇంకా పొట్టి, తొమ్మిది నుంచి పన్నెండు. ఆఫీసులు మాత్రం సాయంత్రం ఆరు, ఏడు దాకా. మధ్యాహ్నం రెండు గంటల తరవాత తినే భోజనమే అక్కడ అసలు భోజనం. అది ఇంట్లో వేడివేడిగా ఉండాలని అందరి కోరిక. ఇప్పుడు లెక్క వెయ్యండి. పన్నెండున్నరకి బడి గేటు దగ్గర ఎవరుండాలి? రెండింటికి పప్పు, అంటే వాళ్ళ చిక్కుడు గింజలు, పొయ్యి మీద ఎవరు పెట్టాలి?

అబ్వేలా. అంటే అమ్మమ్మ గాని నాయనమ్మ గాని. ఎక్కువగా అమ్మమ్మే. మా వీధి బడి ముందు పన్నెండుంపావుకి నిలబడే గుంపులో యువతుల కంటే అబ్వేలాలే ఎక్కువ. చేతిలో గొడుగు, ప్లాస్టిక్ బుట్టలో గుడ్డలో చుట్టిన తోర్తియాలు, ఒక చేత్తో మనవడి సంచీ. నా తోటి ఉద్యోగినుల్లో పిల్లలున్న ప్రతి ఒక్కరి వెనకా ఇలాంటి ఒక పెద్దావిడ ఉంది. ఉద్యోగానికి ఇంటర్వ్యూ అయ్యాక చేరాలా వద్దా అని మొగుణ్ణి అడిగే ముందు అమ్మని అడిగేవాళ్ళు. అమ్మ "ఊఁ" అంటేనే ఉద్యోగం.

మనకి ఇది కొత్త కాదు లెండి. ఆరు నెలలు అమ్మ, ఆరు నెలలు అత్తగారు అని వంతులేసుకుని విజిటర్ వీసా మీద పసిపిల్లల్ని పెంచుకున్నవాళ్ళం. తేడా ఏమిటంటే మన అమ్మలు వచ్చి వెళ్ళిపోతారు. మెక్సికో అబ్వేలా పదేళ్ళు, పదిహేనేళ్ళు, ఒక మనవడి తరవాత మరో మనవరాలు, ఆ గేటు ముందే నిలబడుతుంది. ఆవిడకి అరవై దాటుతాయి, డెబ్భై వస్తాయి. అప్పుడేమవుతుంది? ఆ సంగతికి వస్తాను. ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి.

మన రోలు, సన్నెకల్లు లాంటివే వాళ్ళకీ ఉన్నాయి. మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి, నానబెట్టి, మెతాతే అనే రాతి పలక మీద మోకాళ్ళ మీద కూర్చుని నూరాలి. కుటుంబానికి సరిపడా తోర్తియాల పిండికి రోజుకి నాలుగైదు గంటలు పట్టేది. వేల ఏళ్ళు ఆడవాళ్ళ పొద్దు అలాగే తెల్లారింది. ఇరవయ్యో శతాబ్దంలో, ముఖ్యంగా 1920ల నుంచి, ఊరూరా మొక్కజొన్న రుబ్బే మరలు వచ్చాయి. మర పిండి రుచి బాగుండదని మగవాళ్ళు గొణిగారట. ఆడవాళ్ళు మాత్రం డబ్బాలు పట్టుకుని మర ముందు వరస కట్టారు. మెక్సికో ఆడవాళ్ళకి ఓటు హక్కు 1953లో వచ్చింది. రోజులో నాలుగు గంటలు చేతికొచ్చింది మాత్రం మరతోనే. నన్నడిగితే ఈ రెంటిలో ఏది పెద్దదో చెప్పడం కష్టం.

ఆ మిగిలిన గంటల్ని ఆడవాళ్ళు ఏం చేసుకోవాలో చట్టం చెప్పింది. 1928 నాటి రాజధాని సివిల్ కోడ్ ప్రకారం ఇంటి పని చూసుకోవడం భార్య బాధ్యత. ఆ బాధ్యతకి అడ్డు రాకపోతేనే ఆమె ఉద్యోగం చేయవచ్చు. అడ్డొస్తోందని భర్త అభ్యంతరం చెప్పవచ్చు. ఆ మాటలు 1974 చివర్లో గాని తీసెయ్యలేదు. అంటే ఈవాళ బడి గేటు ముందున్న అబ్వేలా చిన్నప్పటి రోజుల్లో అదే చట్టం.

అదే 1974లో కొత్త జనాభా చట్టం కూడా వచ్చింది. మన గోడల మీద ఎర్ర త్రికోణం ఉన్న రోజుల్లోనే వాళ్ళకీ చిన్న కుటుంబమే హాయి అన్న ప్రచారం హోరెత్తింది. 1960ల చివర్లో ఒక్కో స్త్రీకి సగటున ఏడుగురు పిల్లలు. ఇప్పుడు రెండుకి లోపే. మంచిదే. కాని ఏడుగురు పిల్లలున్న తల్లికి మంచం పడితే ఏడు జతల చేతులు. ఇద్దరే ఉంటే, అందులో ఒకడు మగపిల్లవాడైతే, ఇంకొకరు షికాగోలో ఉంటే? 2020 జనాభా లెక్కల్లో మెక్సికోలో అరవై దాటినవాళ్ళు కోటిన్నర మంది, నూటికి పన్నెండుమంది. ఈ సంఖ్య పెరిగేదే గాని తగ్గేది కాదు.

తల్లిని చూడాల్సింది ఎవరు అన్నదానికి వాళ్ళ సంప్రదాయంలో సమాధానం ఉంది. లౌరా ఎస్కివెల్ 1989లో రాసిన "కోమో ఆగ్వా పారా చొకొలాతే" నవల, దాని మీద 1992లో వచ్చిన సినిమా మీలో కొందరికి తెలిసి ఉంటాయి. అందులో ఆఖరి కూతురు తీతా పెళ్ళి చేసుకోకూడదు. తల్లి బతికున్నంత కాలం తల్లిని చూసుకోవాలి. అది వాళ్ళింటి ఆచారం. ప్రేమించినవాణ్ణి అక్కకిచ్చి చేస్తే తీతా వంటింట్లో నిలబడి పెళ్ళి కేకు చేస్తుంది. కథ కాబట్టి పెద్దది చేసి రాశారనుకున్నాను. మా ఆఫీసులో ఆ మాట అంటే ముగ్గురు వెంటనే తమ ఇంట్లో ఏ పిన్ని అలా ఉండిపోయిందో చెప్పారు. పల్లెల్లో, ముఖ్యంగా నాహువా ఊళ్ళలో, ఇంకో పద్ధతి ఉంది. చివరి కొడుకు అమ్మానాన్నలతో ఉండిపోతాడు, ఇల్లు అతనికే వస్తుంది. వినడానికి కొడుకు చూస్తున్నట్టు ఉంటుంది. చేసేది ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు. కోడలే.

ఇప్పుడు నా తోటి ఉద్యోగిని ఒకావిడ సంగతి చెబుతాను. పేరు చెప్పను. టెస్టింగ్ విభాగంలో నా పక్క కుర్చీ. భర్తతో విడిపోయింది, ఇద్దరు పిల్లలు. నేను చేరినప్పుడు ఆవిడ ఏర్పాటు పైన చెప్పినదే. తల్లి బడి గేటు దగ్గర, ఈవిడ కంప్యూటర్ దగ్గర. ప్రమోషన్ కూడా వచ్చింది. 2016లో తల్లికి, ఎన్నాళ్ళుగానో ఉన్న షుగరు వల్ల, మూత్రపిండాలు పాడయ్యాయి.

మెక్సికోలో షుగరు వ్యాధి ఇంటింటా ఉంది. హలీస్కో రాష్ట్రంలో కిడ్నీ జబ్బులు మరీ ఎక్కువ. షుగరుతో సంబంధం లేకుండా, కారణం తేలని కిడ్నీ జబ్బు చపాలా సరస్సు ఒడ్డున ఉన్న పల్లెల్లో పిల్లలకి కూడా వస్తోంది. మన శ్రీకాకుళం ఉద్దానం గుర్తొచ్చి నాకు మనసు చివుక్కుమంది. అది వేరే ప్రసంగం.

అక్కడ డయాలిసిస్ అంటే చాలామందికి ఆస్పత్రి యంత్రం కాదు. ఇంట్లోనే చేస్తారు. పొట్టలోకి అమర్చిన గొట్టం ద్వారా రెండు లీటర్ల ద్రావకం ఎక్కించాలి, కొన్ని గంటలుంచి దింపాలి, మళ్ళీ కొత్త సంచీ ఎక్కించాలి. రోజుకి నాలుగుసార్లు. ఆదివారం లేదు, పండగ లేదు. గది తుడిచి, ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని చెయ్యాలి. ఏమాత్రం మురికి తగిలినా పొట్టలో చీము పట్టి ప్రాణం మీదికొస్తుంది. నర్సు చేయవలసిన ఈ పనిని కుటుంబంలో ఒకరికి నేర్పి ఇంటికి పంపుతారు. నేర్చుకోవడానికి వెళ్ళినవాళ్ళలో ఈవిడ చూసినంతలో అందరూ కూతుళ్ళు, భార్యలు, కోడళ్ళేనట.

ఆవిడ రోజు ఇలా ఉండేది. తెల్లవారుజామున అయిదింటికి మొదటి సంచీ. తరవాత పిల్లల్ని బడిలో దింపి, రెండు బస్సులు మారి తొమ్మిదికి ఆఫీసు. పన్నెండింటి సంచీకి పెద్దమ్మ కూతురు వచ్చేది. ఆవిడకీ డెబ్భై దగ్గర తల్లి ఉంది. బడి నుంచి పిల్లల్ని ఎదురింటావిడ తన పిల్లలతో పాటు తీసుకొచ్చేది. దానికి బదులు ఈవిడ శనివారాలు ఎదురింటి పిల్లలకి లెక్కలు చెప్పేది. ఆరింటి సంచీకి ఈవిడ ఇంట్లో ఉండాలి కాబట్టి అయిదింటికే లేవాలి, మీటింగు సగంలో ఉన్నా సరే. పదకొండింటికి నాలుగో సంచీ. మధ్యలో వంట, పిల్లల చదువు.

ప్రమోషన్ తరవాతి మెట్టు గురించి పైఅధికారి అడిగితే వద్దంది. కారణం అడగలేదు, చెప్పలేదు. కాగితం మీద అది "అభ్యర్థి ఆసక్తి చూపలేదు". మెక్సికోలో స్త్రీలలో నూటికి దాదాపు నలభైఅయిదు మందే ఉద్యోగం చేస్తున్నారు గాని వెతుక్కుంటున్నారు గాని. మగవాళ్ళలో డెబ్భైఅయిదు దాటుతారు. తక్కిన ఆడవాళ్ళలో ఎంతమంది ఇలా "ఆసక్తి చూపని"వాళ్ళో.

ఆవిడకి ఇద్దరు అన్నదమ్ములు. ఒకాయన అదే ఊళ్ళో ఉంటూ ఆదివారం వచ్చి, పళ్ళు ఇచ్చి, అమ్మ చెయ్యి నిమిరి వెళ్ళేవాడు. ఇంకొకాయన షికాగోలో హోటల్ వంటవాడు. తప్పకుండా నెలనెలా డాలర్లు పంపేవాడు. మందులు, గదికి పలకలు, కొత్త మంచం అన్నీ ఆ డబ్బే. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. కాగితాలు లేవు, వస్తే తిరిగి వెళ్ళలేడు. ఆవిడ ఒకసారి నవ్వుతూ అంది: "వాడు ఫోన్లో కనిపిస్తాడంటే అమ్మ ముందు రోజే తల దువ్వించుకుంటుంది. చెవులకి పోగులు పెట్టమంటుంది. నేను రోజూ కనబడేదాన్ని కదా, నాకెందుకు పోగులు?" నేనూ నవ్వాను. ఈ హాల్లో మనలో చాలామందిమి ఎవరి కోసం పోగులు పెట్టుకుంటారో ఆ మనుషులమే. ఊళ్ళో రోజూ కనబడే అక్కో వదినో మనకీ ఉంది.

ఇది ఒక్క మనిషి కథ కాదనడానికి కొన్ని అంకెలు చెబుతాను, విసుక్కోకండి. మెక్సికో ప్రభుత్వ గణాంక సంస్థ ఇనెహి "మీ సమయం దేనికి పోతోంది" అని ఇంటింటికీ వెళ్ళి అడుగుతుంది. 2019 సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి, సంరక్షణకి స్త్రీలు వారానికి 39.7 గంటలు వెచ్చిస్తే మగవాళ్ళు 15.2 గంటలు. 2022లో సంరక్షణ మీదే ప్రత్యేకంగా ఇంకో సర్వే చేశారు. పిల్లల్ని, జబ్బు మనుషుల్ని, వృద్ధుల్ని చూసేవాళ్ళు మూడు కోట్ల పై మాటే. అందులో నాలుగింట మూడువంతులు స్త్రీలు. ఈ పనికంతటికీ జీతం లెక్కగడితే దేశ స్థూల ఉత్పత్తిలో సుమారు నాలుగో వంతు అవుతుంది. కార్లు, టీవీలు చేసి అమెరికాకి పంపే ఆ దేశపు ఫ్యాక్టరీలన్నీ కలిసినా అంత లేవు. ఇంత వివరంగా ఈ లెక్క ఏటేటా వేసి ప్రకటించే దేశాలు తక్కువ. ఆ విషయంలో మెక్సికోని మెచ్చుకోవాలి. లెక్క తేలాక ఏం చేశారన్నది వేరే సంగతి.

డబ్బుంటే ఏం చేస్తారు? మనలాగే పనిమనిషిని పెట్టుకుంటారు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు మెక్సికోలో ఇరవై లక్షల పైన, నూటికి తొంభై మంది ఆడవాళ్ళు. అల్ఫోన్సో క్వారోన్ 2018లో తీసిన "రోమా" సినిమా అలాంటి ఒక అమ్మాయి కథే. మా ఇంటికి వారానికి రెండు రోజులు సాయానికొచ్చే ఆవిడ తొనలా నుంచి గంటంపావు బస్సులో వచ్చేది. నేను నా కొడుకుని వదిలి ఆఫీసుకి వెళ్ళాలంటే ఆవిడ రావాలి. ఆవిడ రావాలంటే ఆవిడ చిన్నపిల్లని పదమూడేళ్ళ పెద్దపిల్ల చూడాలి. పక్షవాతం వచ్చిన ఆవిడ తల్లిని కూడా ఆ పెద్దపిల్లే చూడాలి. నా జీతం అక్షరాలా ఆ పదమూడేళ్ళ పిల్ల బడి మానిన రోజుల మీద నిలబడి ఉంది.

ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి 2022 చివరి దాకా చట్టప్రకారం సామాజిక బీమా తప్పనిసరిగా ఉండేది కాదు. అక్కడ "ఇమ్స్" అంటారు, 1943లో పుట్టిన సంస్థ. ఉద్యోగికి వైద్యం, పెన్షన్, పసిపిల్లల సంరక్షణ కేంద్రం అన్నీ దాంట్లోనే. ఒవహాకా పల్లె నుంచి పద్నాలుగేళ్ళకే రాజధానికి పనికొచ్చిన మార్సెలీనా బౌతీస్తా లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు, వీళ్ళని తప్పనిసరి బీమా నుంచి మినహాయించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. 2019లో ప్రయోగంగా మొదలుపెట్టారు, 2022 చివర్లో యజమానులందరికీ తప్పనిసరి చేశారు. ప్రయోగం మొదలైనప్పుడే నేను ఆవిడ పేరు నమోదు చేయించాను. కాగితాలు నింపుతుంటే ఆవిడ తన జబ్బు గురించి, పెన్షన్ గురించి ఏమీ అడగలేదు. "అమ్మ పేరు కూడా ఎక్కుతుందా సెన్యోరా?" అని అడిగింది. ఎక్కుతుంది. కలిసి ఉంటూ, బీమాదారు మీద ఆధారపడిన తల్లిదండ్రులకి వైద్యం ఉంది. ఆవిడ బస్సు దొరక్కపోయినా ఫర్వాలేదన్నట్టు ఆరోజు నింపాదిగా కూర్చుని కాఫీ తాగింది.

2020 మార్చి 9, సోమవారం. ముందు రోజు మహిళా దినోత్సవానికి మెక్సికో నగరాల్లో లక్షలాది స్త్రీలు ఊరేగారు. స్త్రీల మీద హత్యలు, హింస ఆగడం లేదని ఆ కోపం. మర్నాడు సమ్మె. "మేము లేని రోజు ఎలా ఉంటుందో చూడండి" అని ఆడవాళ్ళు ఉద్యోగానికి వెళ్ళరు, కొనరు, వీధిలోకి రారు. మెట్రో టికెట్టు గదులు ఖాళీ, బ్యాంకు కౌంటర్లు ఖాళీ, బళ్ళు సగం ఖాళీ. మా ఆఫీసులో కూడా ఆడవాళ్ళ కుర్చీలన్నీ ఖాళీ. జీతం కొయ్యమని కంపెనీ ముందే చెప్పింది. నేనూ వెళ్ళలేదు. మధ్యాహ్నం నా టెస్టింగ్ నేస్తానికి ఫోన్ చేశాను, సమ్మె ఎలా ఉందని. అప్పుడే పన్నెండింటి సంచీ దింపి చేతులు కడుక్కుంటోంది. ఆవేళ పెద్దమ్మ కూతురు రాలేదట, ఆవిడా సమ్మెలో ఉంది. "నాలుగు సంచీలూ నేనే పెడుతున్నాను, ఆఫీసు రోజే నయం" అంది.

ఆ సమ్మె చరిత్రలో నిలిచిపోయే సమ్మె. దాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కాని అది ఇంటి గడప దాకా వచ్చి ఆగింది. జీతమున్న పని ఆగింది, జీతం లేని పని ఆగలేదు. అది ఆగితే మనిషి పోతుంది.

ఇక ప్రభుత్వం ఏం చేసింది అంటారా? ఇమ్స్ శిశు కేంద్రాలు ఉన్నాయి, బీమా ఉన్న ఉద్యోగులకి. ఇటీవలి దాకా అవి తల్లులకీ, భార్య లేని తండ్రులకీ మాత్రమే. తండ్రులందరికీ సమానంగా ఇచ్చేలా చట్టం మారింది 2020లో. కాని పనిచేసేవాళ్ళలో సగానికి పైగా బీమా, ఒప్పందం లేని పనుల్లో ఉన్నారు. వాళ్ళ కోసం 2007లో చిన్న చిన్న శిశు గృహాల పథకం పెట్టారు. కాలనీల్లో ఆడవాళ్ళే ఇళ్ళలో నడిపేవాళ్ళు, ప్రభుత్వం డబ్బిచ్చేది. 2019లో కొత్త ప్రభుత్వం వచ్చి ఆ డబ్బు కేంద్రాలకి కాక తల్లిదండ్రుల చేతికే ఇస్తామంది. అవినీతి జరుగుతోందని కారణం. డబ్బు చేతికొస్తే అది ఎక్కడికి పోతుంది? ఇంటి ఖర్చులోకి. పిల్ల ఎక్కడికి పోతుంది? అబ్వేలా దగ్గరికి. పాతికవేలకి పైగా బళ్ళలో పిల్లల్ని ఎక్కువ గంటలు ఉంచి, చాలాచోట్ల భోజనం కూడా పెట్టే పథకం ఉండేది, 2022లో అదీ ఎత్తేశారు. నా అభిప్రాయంలో ఈ రెండూ తప్పుడు నిర్ణయాలు.

నమ్మకం సంగతీ ఉంది. 2009 జూన్ 5న ఎర్మోసీయో నగరంలో ఏబీసీ అనే శిశు కేంద్రం కాలిపోయి 49 మంది పసిపిల్లలు చనిపోయారు. పక్క గోడకి ఆనుకుని ప్రభుత్వ కాగితాల గోడౌను, అక్కడ అంటుకుంది. ఆ తరవాత ఏ తల్లయినా కేంద్రం కంటే అమ్మే నయం అనుకుంటే ఎవరేమనగలరు?

వృద్ధులకి మాత్రం ఒక మంచి పని జరిగింది. 65 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ, బీదా గొప్పా లేకుండా, పెన్షన్. రెండు నెలలకోసారి పడుతుంది. 2025లో 6,200 పెసోలు. మా ఎదురింటి తాతగారు ఆ డబ్బు పడ్డ రోజున మనవలకి ఐస్‌క్రీం కొనిపెట్టి వీధంతా చెప్పేవాడు. మునుపు సూపర్‌మార్కెట్లలో ముసలివాళ్ళు జీతం లేకుండా, చిల్లర బక్షీసు కోసం మన సరుకులు సంచుల్లో సర్దుతూ నిలబడేవాళ్ళు. ఆ పెన్షన్ ఎంత విలువైనదో వాళ్ళని చూసినవాళ్ళకి తెలుసు. అయితే పెన్షన్ మందు కొనగలదు గాని, మనిషిని మంచం మీద పక్కకి తిప్పి పడుకోబెట్టలేదు.

సంరక్షణ అనేది హక్కు అనీ, దాన్ని కుటుంబం, ప్రభుత్వం, యజమాని పంచుకోవాలనీ అక్కడి స్త్రీ సంఘాలు చాలాకాలంగా అడుగుతున్నాయి. మెక్సికో సిటీ రాజ్యాంగంలో 2017లో ఆ మాట రాశారు. దేశ రాజ్యాంగంలో చేర్చడానికి 2020 నవంబరులో దిగువసభ ఒప్పుకుంది, ఎగువసభలో ఆగిపోయింది. 2024 అక్టోబరులో క్లౌదియా షెయిన్‌బౌమ్ మెక్సికోకి మొదటి మహిళా అధ్యక్షురాలయ్యారు. ఆవిడ హయాంలో అరవై దాటిన స్త్రీలకి ఇంకో చిన్న పెన్షన్ వచ్చింది, జీవితమంతా జీతం లేకుండా చేసిన పనికి గుర్తింపుగా. అది చాలదనేవాళ్ళున్నారు, నిజమే.

నాకు నచ్చింది ఇంకొకటి. రాజధానిలో ఇస్తపలాపా అనే పెద్ద బీదవాడ ఉంది, పద్ధెనిమిది లక్షల జనాభా. అక్కడ "ఉతోపియా"లని కట్టారు. 2023లో వెళ్ళినప్పుడు ఒకటి చూశాను. ఈతకొలను ఉంది, ముసలివాళ్ళు పగలు గడిపే ఇల్లుంది, అన్నిటికంటే, బట్టలుతికే సర్కారు లాండ్రీ ఉంది. గుమ్మం దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు మూటలు దించి, యంత్రం తిరిగేలోపు పక్క గదిలో డాన్సు క్లాసుకి వెళ్ళారు. ఒకావిడకి అరవై దాటి ఉంటాయి. చాలా బాగా చేసింది. మన ఊళ్ళో ప్రభుత్వం బట్టలుతకడం ఏమిటని నవ్వుతారు. మొక్కజొన్న మరని చూసి కూడా అలాగే నవ్వారు.

మన చీటీల్లాంటివి అక్కడ "తాందా" అంటారు. పదిమంది ఆడవాళ్ళు వారం వారం డబ్బేస్తారు, వంతు వచ్చినవాళ్ళు మొత్తం తీసుకుంటారు. పాటా లేదు, వడ్డీ లేదు, కాగితం లేదు, మాటే. మా ఆఫీసు తాందాలో నేనూ ఉన్నాను. ఎవరెవరు దేనికి వాడారో రాసుకున్నాను: ఒకావిడ కూతురి పదిహేనో పుట్టినరోజుకి, ఒకావిడ పళ్ళ వైద్యానికి, మిగతావాళ్ళలో అయిదుగురు అమ్మ కోసం. కంటి ఆపరేషను, చక్రాల కుర్చీ, స్నానాల గదిలో పట్టుకునే కడ్డీలు. నా టెస్టింగ్ నేస్తం వంతు వచ్చినప్పుడు రాత్రిపూట దానంతటదే సంచీలు మార్చే యంత్రం అద్దెకి తీసుకుంది. మూడు నెలలు పూర్తిగా నిద్రపోయింది. ఆ మూడు నెలలూ ఆఫీసులో కొత్త మనిషిలా ఉంది.

మేము 2020 వేసవిలో వచ్చేశాం. ఆవిడ తల్లి ఇంకో రెండేళ్ళు బతికింది. ఇప్పటికీ మేము మాట్లాడుకుంటాం. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. కూతురు మాంటెర్రేలో ఉద్యోగంలో చేరింది, పోయినేడు పాప పుట్టింది. ఆవిడకి ఇప్పుడు యాభైమూడు. షుగరు బయటపడింది, మాత్రలు వేసుకుంటోంది. నెల క్రితం ఫోన్ చేసినప్పుడు సామాన్లు సర్దుతోంది. ఆఫీసుకి రాజీనామా ఇచ్చేసిందట. ఎందుకంటే కూతురు మూడు నెలల సెలవు అయిపోయి మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలి.